హార్మణీ ట్యూనింగు: రీడ్లకి ఐదు స్టార్లు, తిత్తికి ఒకటే

మాది పద్య నాటకాల హార్మణీ. పాత డబుల్ రీడు పెట్టె, అంటే మెట్టుకి రెండేసి రీడ్లు (గాలికి పలికే లోహపు నాలుకలు). వానల్లో రీడ్లకి చిలుము పట్టి ఒక్కో మెట్టూ ఒక్కో దారి పట్టింది. సంక్రాంతి వెళ్ళాక విజయవాడలో ఒక రిపేరు షాపులో ఇచ్చాను. షాపు పేరు వేయడం లేదు.

పెట్టె తెరవకముందే మేస్త్రీ అడిగాడు: "నాటకానికా మాస్టారూ, పాటకా?" ఈ మాట అడిగే షాపులో ధైర్యంగా ఇవ్వచ్చు. చాలామంది అడగరు. రెంటికీ ట్యూనింగు వేరు.

కంపనాల లెక్కలో, శుద్ధంగా పలికే పంచమం (ప) షడ్జానికి (స) 3/2, అంతర గాంధారం (గ) 5/4. ఎప్పుడూ ఒకే శ్రుతికి పాడేవాళ్ళు ఇలాగే చేయించుకోవాలి, తంబురాలో కలిసిపోతుంది. స్టేజీ మీద అది కుదరదు. శ్రుతిని తెల్ల మెట్ల వరస నంబర్లతో చెప్పుకుంటాం: హరిశ్చంద్రుడు ఒకటికి ఎత్తుకుంటాడు, చంద్రమతికి ఐదు కావాలి, నక్షత్రకుడు రెండు అంటాడు. ఒకటికి శుద్ధంగా చేసిన పెట్టెలో రెండుని షడ్జం చేసుకుంటే, పంచమానికి ఆరు నొక్కాలి. ఆరు విలువ 5/3, రెండుది 9/8. భాగిస్తే 40/27, అంటే 1.48. కావలసింది 1.5. ఆ పంచమం పట్టుకుని రాగం తీస్తే ముందు వరసలో వాళ్ళు మొహం చిట్లిస్తారు.

అందుకే మాకు సమాన విభజన. పై షడ్జం కింది షడ్జానికి రెట్టింపు కాబట్టి, మధ్యలో 12 అడుగులూ ఒకే గుణకంతో వేయాలి. 12 సార్లు గుణిస్తే 2 వచ్చే ఆ అంకె 1.05946. చైనాలో ఝు జైయు అనే పండితుడు 1584 నాటికే ఈ లెక్క తేల్చాడు. ఇందులో పంచమం 1.4983, తేడా ఎవరికీ తెలీదు. దెబ్బ తినేది గాంధారం: 1.25 బదులు 1.26. ఒకటి, మూడు కలిపి నొక్కి పట్టండి, సెకనుకి పదిసార్లు గరగరమంటుంది. 1940లో ఆలిండియా రేడియో హార్మణీని గెంటేసినప్పుడు, స్వరాన్ని ఊపే గమకం పలకదన్న ఫిర్యాదుతో పాటు ఇదీ ఉంది. నాటకం వాళ్ళం మాత్రం వదల్లేదు.

మేస్త్రీ మొదటి రీడుకే ఫోనులో శ్రుతి చూశాడు, మిగతాదంతా చెవితోనే. ఒకటి, ఐదు కలిపి నొక్కి వింటాడు. నాదం కదలకుండా నిలబడితే ఒప్పుకోడు, శుద్ధమైపోయిందని మళ్ళీ గీకుతాడు. సెకనుకి ఒక్కసారికన్నా కాస్త తక్కువగా ఊగాలి, అప్పుడే వదుల్తాడు. శ్రుతి పెరగాలంటే రీడు కొన దగ్గర, తగ్గాలంటే రివెట్టు దగ్గర సన్నగా ఆకురాయి పెడతాడు. రెండో వరస రీడు మాత్రం మొదటిదానితో అసలు ఊగకూడదు. ఒకట్రెండు మెట్లు ఊగుతున్నాయంటే విసుక్కోకుండా విప్పి సరిచేశాడు. ఈ పనికి 3,500 తీసుకున్నా నేను బేరమాడలేదు.

తిత్తి సంగతి వేరు. అది ఇంకో కుర్రాడి చేతిలో పెట్టారు. తోలు వేయమంటే రెక్సిన్ అతికించాడు, మూల దగ్గర గాలి కారుతోంది, దీర్ఘం తీసే చోట నాదం పడిపోతోంది. పైగా శివరాత్రి ముందు ఇస్తామన్న పెట్టె పండగయ్యాక ఇచ్చారు. అరువు పెట్టెతో రాత్రంతా వాయించాల్సి వచ్చింది, దాని గాంధారం గురించి చెప్పకపోవడమే మంచిది.

తిత్తి పని ఉంటే వేరేచోట చేయించుకుని, రీడ్లకి మాత్రం ఇక్కడికి వెళ్ళండి. పొద్దున్నే వెళ్ళాలి, భోజనానికి వెళ్ళిన మేస్త్రీ నాలుగింటికి గానీ రాడు.