పిన్ను గుచ్చడమా, లైన్ గీసి ఎక్కించడమా?

మొన్న కాజీపేట నుంచి ఒక ఎంటెక్ తమ్ముడు మైక్రోవేవ్ సర్క్యూట్ బోర్డు పట్టుకొచ్చిండు. "అన్నా, ఎస్‌ఎంఏ కేబుల్ కనెక్టర్ పిన్ను నడుమ గుచ్చితే సరిపోదా? లైన్‌ను మెల్లగా మార్చే ఈ ట్రాన్సిషన్ గోల ఎందుకు?"

బోర్డు బాగానే చేశాడు. పైముఖాన ఎడమవైపు రాగి పలకలు, కుడివైపు రాగి జాలి. కిందిముఖాన సరిగ్గా తారుమారు. రెండు అల్లికలు కలిసే గీత వెంట టోపలాజికల్ తరంగం (వంపులొచ్చినా వెనక్కి తిరగకుండా గీత పట్టుకుని పోయేది) నడవాలి. అది నడుస్తుంది, అనుమానం లేదు. అక్కడికి ఎక్కించడమే తంటా.

పిన్ను అగ్గువ, ఎక్కడంటే అక్కడ పెట్టుకోవచ్చు. కాకపోతే కట్ట మీద నిలబడి కాలువలోకి బిందెతో కుమ్మరించినట్టే: కొంత గాలిలోకి పోతుంది, కాలువలో పడింది కూడా రెండు దిక్కులా పారుతుంది. నేనే ఒకసారి నిలువు పిన్నును గీతకు అడ్డంగా వంచి పడుకోబెట్టాను. ఎనలైజర్ తెర మీద ఎస్21 (ఈ చివర నుంచి ఆ చివరకు చేరిన సిగ్నల్ కొలత) పైకి లేచింది. వంచుతుంటే టంకం ఊడిపోయింది, అది వేరే సంగతి.

లైన్ గీసి ఎక్కించడం తూము తీసినట్టు. 50 ఓమ్‌ల మైక్రోస్ట్రిప్‌తో (పైన సన్న రాగి పట్టీ, కింద వెడల్పు రాగి గ్రౌండ్) మొదలుపెట్టి, కింది గ్రౌండ్‌ను మెల్లగా సన్నం చేసుకుంటూ, బోర్డుకు చెరో ముఖాన ఒక అంచు ఉండే స్లాట్‌లైన్‌గా (రెండు రాగి అంచుల నడుమ తరంగం పోయే లైన్) మార్చాలి. పైన ఒకవైపు జాలి, కింద రెండోవైపు జాలి ఉన్నాయి కదా, అంచులు వాటికి నేరుగా అతుకుతాయి. ఈ మార్పు హడావుడిగా ఉంటే రిఫ్లెక్షన్ (తరంగం వెనక్కి తిరగడం) తప్పదు; తరంగదైర్ఘ్యంతో పోల్చదగ్గ పొడవున మెల్లగా సాగాలి. 10 గిగాహెర్ట్జ్‌కు గాలిలో తరంగదైర్ఘ్యం 30 మిల్లీమీటర్లు, కాబట్టి బోర్డు మీద జాగా బాగానే పోతుంది.

ఎస్21 కావాలంటే నా ఓటు దీనికే. అయితే గీత చివర నుంచి ఎక్కించిన తరంగానికి ముందుకు పోవడం తప్ప దారేది? అది చూపించి "స్పిన్ (తరంగంలోని క్షేత్రాల పొందిక) దిక్కును బట్టి నడుస్తోంది" అని థీసిస్‌లో రాస్తే వైవాలో దొరికిపోతాడు. అది రుజువు కావాలంటే నాలుగు గీతలు కలిసే కూడలి గీయాలి, లేదంటే నడిమధ్యన 90 డిగ్రీల ఫేజ్ తేడాతో రెండు డైపోల్‌లు పెట్టి, తేడాను తిరగేస్తే దిక్కు మారుతుందో లేదో చూడాలి.

2009లో ఎంఐటీ వాళ్లు ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న సిరామిక్) కడ్డీలకు అయస్కాంతం పెట్టి చేసిన ప్రయోగంలో ఈ బాధ లేదు. అక్కడ దిక్కును నిర్ణయించేది అయస్కాంతం, మామూలు యాంటెనా చాలు.

తమ్ముడి బోర్డు ఎఫ్ఆర్4, మామూలు గ్లాస్-ఎపాక్సీ రకం. లాస్ టాంజెంట్ (సిగ్నల్‌ను మింగే గుణం) దాదాపు 0.02. ఫీడ్ ఏదైనా, 10 గిగాహెర్ట్జ్‌లో ఇది మింగేదే ఎక్కువ. ముందు తక్కువ మింగే రోజర్స్ షీటు తెప్పించుకొమ్మని పంపాను.