క్లోవెలీ: టిక్కెట్టు కొని చూడవలసిన రేవు ఊరు

ఒక ఊళ్లోకి అడుగుపెట్టడానికి టిక్కెట్టు కొనాలని చెప్పినప్పుడు మా నాన్నగారు ముందు నమ్మలేదు; నమ్మిన తరువాత కారు దిగనని భీష్మించుకొని కూర్చున్నారు. భీమిలిలో పుట్టి, విశాఖ చేపల రేవులో ముప్పయ్యేళ్లు లెక్కలు రాసి ఉద్యోగ విరమణ చేసిన మనిషికి, రేవు చూడటానికి డబ్బు కట్టడం అవమానంగానే తోచింది. “ఒరే, పావురాళ్లకొండ ఎక్కితే ఇంతకు రెండింతల సముద్రం కనబడుతుంది. అక్కడ పైసా అడిగేవాడు లేడు” అన్నారు. బ్రిస్టల్లోని మా ఇంటి నుంచి రెండున్నర గంటలు కారు నడిపి వచ్చిన నాకు ఆ మాట రుచించలేదు కాని, అందులో తప్పు పట్టవలసిందీ కనబడలేదు. ఇంగ్లండులో డెవన్ కౌంటీ ఉత్తర తీరాన ఉన్న క్లోవెలీకి గత మే నెలలో ఒక శనివారం అమ్మానాన్నలతో వెళ్లి వచ్చాను. సెలవులకు తల్లిదండ్రులను రప్పించుకొని, వారిని ఎక్కడికి తిప్పాలా అని ఆలోచించే మనవాళ్లు ఈ దేశంలో చాలామంది ఉన్నారు కాబట్టి, ఆ టిక్కెట్టు గిట్టుబాటు అవుతుందా కాదా అన్న ఒక్క ప్రశ్నను పట్టుకొని ఈ సమీక్ష రాస్తున్నాను.

మేము వెళ్లినప్పుడు టిక్కెట్టు పెద్దలకు తొమ్మిది పౌండ్ల చుట్టుపక్కల ఉంది. మన లెక్కలో తలకు వెయ్యి రూపాయల మాట. కారు నిలిపినందుకు వేరే రుసుము లేదు. ఊరి చరిత్ర చెప్పే చిన్న చిత్రం, రెండు బుల్లి ప్రదర్శనశాలలు, యజమానుల భవంతి దగ్గర ప్రహరీ గోడల నడుమ ఉన్న తోట, ఇవన్నీ అదే టిక్కెట్టు మీద చూడవచ్చు. అయినా ఊరికి టిక్కెట్టు ఏమిటన్న ప్రశ్న మిగులుతుంది. దానికి జవాబు ఏమిటంటే, ఈ ఊరు మొత్తం ఒక కుటుంబపు ఆస్తి. 13వ శతాబ్దం నడుమ నుంచి నేటివరకు ఇది మూడే కుటుంబాల చేతుల్లో ఉంది. కేరీ వంశం తరువాత 1738లో దీనిని హామ్లిన్ కుటుంబం కొన్నది, వారి వారసులే ఇప్పటికీ యజమానులు. ఊళ్లో కాపురం ఉన్నవారు అద్దెదారులు. అద్దెకు తీసుకున్నవారు ఆ ఇంట్లోనే నివసించాలి తప్ప, దానిని ఏడాదికి పది రోజులు వచ్చిపోయే విడిది ఇల్లుగా మార్చుకోవడానికి వీలులేదు. ఇదంతా విన్న నాన్నగారు “అంటే జమీందారీ అన్నమాట. మన దగ్గర 1948 చట్టంతో పోయింది, వీళ్ల దగ్గర పోలేదు” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాటలో వెటకారం ఉన్నా, పక్కనున్న కార్న్‌వాల్ తీరంలో అందమైన రేవు ఊళ్లు ఎన్నో ధనికుల సెలవు ఇళ్లుగా మారి, చలికాలపు రాత్రుల్లో దీపం వెలగని వీధులతో మిగిలిపోవడం చూసిన నాకు, ఈ జమీందారీ వల్ల కలిగిన మేలు కూడా కనబడింది. ఇక్కడ గుమ్మాల ముందు పిల్లల బూట్లు, దండెం మీద తువ్వాళ్లు, కిటికీలో నిద్రపోతున్న పిల్లి ఉన్నాయి. ఇది జనం బతుకుతున్న ఊరు.

ఇక ఊరి సంగతి. సముద్రం పక్కన నిటారుగా లేచిన కొండచరియలో, వాగు కోసిన ఇరుకైన చీలిక ఒకటి ఉంది. ఆ చీలికలోనే, పైనుంచి రేవు దాకా దాదాపు 400 అడుగుల ఎత్తు దిగే ఒకే ఒక్క వీధి ఉంది. దానికి అటూ ఇటూ సున్నం వేసిన తెల్లటి ఇళ్లు, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు ఉంటాయి. ఎక్కేటప్పుడు ఆ వీధికి ‘అప్ అలాంగ్’ అనీ, దిగేటప్పుడు ‘డౌన్ అలాంగ్’ అనీ పేరు. దారి పొడుగునా సముద్రపు ఒడ్డు నుంచి తెచ్చిన గుండ్రటి రాళ్లు నిలువుగా పాతి ఉన్నాయి. వాహనాలు తిరగవు, తిరగలేవు. మధ్యలో ఒకచోట వీధి ఒక ఇంటి కిందనుంచి దూరి పోతుంది. ఆ ఇంటివారు తమ గదిలో అటూ ఇటూ నడిస్తే మన నెత్తిమీద నడిచినట్టే. చాలా ఇళ్ల మీద ‘సి.హెచ్.’ అనే రెండు అక్షరాలూ, పక్కన ఒక సంవత్సరమూ చెక్కి ఉంటాయి. 1884 నుంచి 1936లో తాను మరణించే వరకు ఊరిని ఏలిన క్రిస్టీన్ హామ్లిన్ అనే ఆవిడ, ఒక్కొక్క ఇంటినీ బాగు చేయించిన గుర్తుగా వేయించిన అక్షరాలవి. సింహాచలం మెట్ల మీద దాతల పేర్లు చదువుకుంటూ దిగినట్టు, మా అమ్మ ఆ ఏళ్లు చదువుకుంటూ దిగింది.

వాహనాలు లేని ఊళ్లో సరుకులు ఎలా వస్తాయన్నది అందరూ అడిగే ప్రశ్న. పూర్వం గాడిదలు మోసేవి. ఇప్పుడు అవి పిల్లలు ఫోటోలు దిగడానికి పై భాగంలో ఉన్న సాలల్లో ఉంటున్నాయి. ఆ పని ఇప్పుడు స్లెడ్జిలది. చక్రాలు లేని చెక్క బండి అది. అడుగున రెండు బద్దీలు, పైన చేపల పెట్టెనో పాల పెట్టెనో కట్టి చేసిన తొట్టి, ముందు ఒక తాడు. మేము దిగుతుండగా ఒకాయన దాని మీద గ్యాసు బండా, రెండు సంచుల కిరాణా వేసుకొని వచ్చారు. లాగవలసిన అవసరమే లేదు. బండి తన బరువుతో తానే దూసుకుపోతుంటే ఆయన తాడు బిగబట్టి, మడమలు రాళ్ల సందుల్లో ఊతం వేసి, ఎద్దును అదుపు చేసినట్టు వెనక్కి వాలి నడిచారు. బద్దీలు రాళ్ల మీద చేసే గరగర చప్పుడు వీధి మలుపు అవతల నుంచే వినబడుతుంది. అది వినబడితే గోడకు ఒత్తుకొని నిలబడటమే మర్యాద. ఏ వస్తువునూ పైకి లాగరు. ఇంటికి కావలసినవి పైనుంచి కిందికి జారతాయి. ఇంట్లోని చెత్త కూడా ఇంకా కిందికే జారి, రేవు దగ్గరి నుంచి బండి మీద వెనుకదారిన పైకి పోతుంది. కొండకు ఎదురు వెళ్లకుండా బతుకును సర్దుకున్న ఈ పద్ధతిని నేను ఆ రోజు చూసినవాటన్నిటిలోకీ ముందు చెబుతాను.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి. ఫోటోల్లో బాగుంటానని తోలు అడుగు ఉన్న బూట్లు వేసుకొని వెళ్లాను. రాత్రి పడిన జల్లుకు ఆ గుండ్రటి రాళ్లు సబ్బు రాసినట్టున్నాయి. సగం దారిలో జారి, పక్కింటి పూలకుండీని పట్టుకొని నిలదొక్కుకున్నాను; రబ్బరు అడుగు బూట్లతో డెబ్భై ఏళ్ల నాన్నగారు నా చేయి పట్టుకొని దించారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ, గోడవారగా, పక్కకు తిరిగి, మెట్టుమెట్టుకూ ఆగుతూ దిగింది. కాబట్టి ఈ ఊరిని చూడాలంటే డబ్బుకన్నా ముందు చెప్పులు చూసుకోండి. చక్రాల కుర్చీకీ, పసిపిల్లల తోపుడు బండికీ ఈ వీధి పనికిరాదు. నడవలేనివారి కోసం సందర్శకుల భవనం వెనుక నుంచి రేవు దాకా ల్యాండ్ రోవర్ నడుస్తుంది. అది ఎండాకాలపు నెలల్లోనే ఉంటుంది, దాని ఛార్జీ వేరే.

రేవుకు చేరేసరికి పదకొండున్నర. నీళ్లు లేవు. పడవలు చాలావరకు బురదలో, నాచు పట్టిన రాళ్ల మీద పక్కకు ఒరిగి పడున్నాయి. “రేవన్నావు, ఇది ఎండిన చెరువు కదరా” అని అమ్మ నిరాశపడింది. నాన్నగారు మాత్రం మొదటిసారి ఉత్సాహంగా ముందుకు వంగారు. విశాఖ దగ్గర పోటుకూ ఆటుకూ నడుమ తేడా మహా అయితే మనిషెత్తు ఉంటుంది. బ్రిస్టల్ ఛానెల్ నోటి దగ్గరున్న ఈ తీరాన పున్నమి, అమావాస్యల వేళ అది ఏడు మీటర్ల పైమాటే. గరాటులా సన్నబడే ఆ సముద్రపు పాయలోకి మహాసముద్రపు నీరు తోసుకొని రావడం వల్ల ఇంత తేడా. అందుకే ఇక్కడి పడవలు రోజుకు రెండుసార్లు నేల మీద కూర్చుంటాయి. కొన్నిటికి అడుగున ఒక వెన్నుబద్దకు బదులు రెండు పలకలు ఉన్నాయని, అవి పక్కకు ఒరగకుండా కాళ్ల మీద నిలబడ్డట్టు నిలబడ్డాయని నాన్నగారు చూపించే వరకు నేను గమనించలేదు. లంగరు గొలుసులు బురదలో ఎంత పొడుగున పరిచి ఉన్నాయో చూసి, నీరు ఎంత ఎత్తు లేస్తుందో ఆయన లెక్క కట్టారు. ఆపైన గోడకు బిగించిన ఇనుప నిచ్చెన ఎదురుగా కూర్చొని, దాని మెట్లలో ఎన్ని మునిగాయో అరగంటకోసారి చెప్పడం మొదలుపెట్టారు. మొదటి గంటలో ఒక్కటి. మూడో గంటలో మేము శాండ్‌విచ్ ముగించే లోపు మూడు. నాలుగు గంటలకు అదే రేవులో పడవలు నిటారుగా నిలబడి ఊగుతున్నాయి. పొద్దున బురద కంపు కొట్టిన చోట నీరు ఆకుపచ్చగా, గోడ నడుము పైదాకా ఉంది. ఒకే టిక్కెట్టు మీద రెండు ఊళ్లు చూసినట్టయింది. గంటలో ఫోటోలు తీసుకొని పైకి పోయేవారికి దక్కేది ఇందులో సగమే. బయలుదేరే ముందు అంతర్జాలంలో ఆటుపోట్ల పట్టిక చూసుకొని, ఆటు ముగిసే వేళకు కిందికి చేరేలా వెళ్లడం మంచిది.

ఈ రేవుకు ప్రాణం ఆ వంపు తిరిగిన రాతి గట్టు. మధ్యయుగం నాటి గట్టును 16వ శతాబ్దంలో జార్జ్ కేరీ పెంచి కట్టించాడు. ఆపిల్‌డోర్ నుంచి కార్న్‌వాల్‌లోని బోస్‌కాజిల్ దాకా ఉన్న ఈ కరకు తీరంలో తలదాచుకోవడానికి ఇదొక్కటే రేవు అని చెబుతారు. గట్టు చివర నిలబడి పడమరకు చూస్తే ఆ మాట అర్థమవుతుంది. నల్లటి చరియలు హార్ట్‌లాండ్ మొన వైపుగా ఒకదాని వెనుక ఒకటిగా సముద్రంలోకి దిగిపోతాయి, మధ్యలో పడవ ఒడ్డుకు చేర్చే సందు కనబడదు. ఆకాశం తేటగా ఉంటే లండీ దీవి బల్లపరుపుగా కనిపిస్తుంది. 1870లో ఇక్కడ ప్రాణరక్షక పడవ కేంద్రం పెట్టడానికి కారణం ఇదే. ఒకప్పుడు ఊరు మొత్తాన్ని పోషించినది హెర్రింగ్ చేప. మన కవళ్లకు, పులసకు చుట్టం. ఇప్పుడు వేటకు వెళ్లే పడవలు కొద్దే. హెర్రింగ్ పేర నవంబరులో ఒక పండుగ చేస్తారట. దానికోసం మళ్లీ రావాలని నాన్నగారు అప్పుడే అనుకున్నారు.

భోజనం గురించి రెండు మాటలు. రేవు పక్కనే పీత మాంసం శాండ్‌విచ్ తిన్నాము, నేనూ నాన్నగారూ. పీత తాజాగా, తియ్యగా ఉంది, కాని ఉప్పూ నిమ్మరసమూ తప్ప మరొకటి తగలని ఆ వంటకానికి నాన్నగారు జేబులోంచి కారం పొట్లం తీయక తప్పలేదు. శనివారం కాబట్టి అమ్మ చేప జోలికి పోలేదు. శాకాహారులకు ఇక్కడ దొరికేవి తక్కువే. పులిహోర కట్టుకొని రావడం తెలివైన పని అయింది. అయితే డెవన్ ‘క్రీమ్ టీ’ మాత్రం ఆవిడకు బాగా నచ్చింది. స్కోన్ అనే బన్ను మీద ముందు గట్టి మీగడ, ఆపైన స్ట్రాబెర్రీ జామ్ వేసుకోవడం డెవన్ పద్ధతి. కార్న్‌వాల్‌లో జామ్ ముందు. ఆ వరస మీద రెండు కౌంటీల వాళ్లూ పోట్లాడుకుంటారని చెబితే, అమ్మ స్కోన్‌ను పక్కకు తోసి, “కాచిన పాల మీది మీగడే కదరా, పంచదార ఉందేమో అడుగు” అంది.

లోపాలు లేకపోలేదు. మధ్యాహ్నానికి జనం పెరిగి ఆ ఇరుకు వీధి తిరునాళ్లలా అవుతుంది. గుమ్మం దగ్గర కూర్చున్న ఇంటావిడను అడగకుండా ఫోటో తీసేవాళ్లను చూస్తే మనకే సిగ్గువేస్తుంది. ప్రదర్శనశాలలు రెండూ చిన్నవి. ఒకటి పాత చేపలవేటగాడి ఇల్లు. ఆ ఇరుకు గదుల కోసమైనా లోపలికి వెళ్లవచ్చు. రెండోది, బాల్యం ఈ ఊళ్లో గడిపిన 19వ శతాబ్దపు రచయిత చార్లెస్ కింగ్‌స్లీది. ఆయనను చదవనివారికి అక్కడ చెప్పుకోదగినది తక్కువ. పైనున్న తోట బాగుందని అమ్మ చెప్పింది, కాళ్లు పీకుతున్నందున నేను వెళ్లలేదు. వాన పట్టిన రోజైతే ఈ ప్రయాణం మానుకోండి. ఆ రాళ్ల మీద టిక్కెట్టు డబ్బుకంటే ఎముకలు ఖరీదు.

నా లెక్కలో దీనికి అయిదుకు నాలుగు. రోజంతా ఉండేవారికి టిక్కెట్టు గిట్టుతుంది, గంటసేపు ఉండేవారికి గిట్టదు. కారు లేనివారు బార్న్‌స్టేపుల్ దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి బిడెఫర్డ్ మీదుగా పోయే బస్సు ఎక్కవచ్చు. అవి రోజుకు కొద్దిసార్లే నడుస్తాయి కాబట్టి తిరుగు బస్సు సమయం ముందే చూసుకోవాలి. వృద్ధులతో వెళ్లేవారు నడిచి దిగి, ఎక్కేటప్పుడు మాత్రం ల్యాండ్ రోవర్‌లో రండి. మేమూ అలాగే వచ్చాము, అదీ నాన్నగారు ఇంకో మెట్టు మునగనివ్వమని రెండు ట్రిప్పులు వదిలేసిన తరువాత. సాయంత్రం దాని చివరి ట్రిప్పు ఎన్నింటికో దిగేముందే అడిగి తెలుసుకోండి.