మెడ తిరిగిన కోడికి ఎవియాన్ 400: వాడి చూశాక నా రివ్యూ

జుట్టుకనీ మొహానికనీ సగం ఇళ్లలో ఉండే ఆ పచ్చటి విటమిన్ ఇ క్యాప్సూలే, ఎవియాన్ 400. నేను దాన్ని మా పెరటి కోడికి వాడాను కాబట్టి ఈ రివ్యూ అంతా కోడి గురించే. మెడ మెలితిరిగిపోయి, తల వెనక్కి వాలిపోయి, లేచి నిలబడబోతే పల్టీ కొట్టి పడిపోయే కోడి మీ ఇంట్లో ఉంటే మీకు పనికొస్తుంది. మందు మంచిదే, చవకే. కానీ మెడ తిరిగిన ప్రతి కోడికీ ఇది పనిచేయదు, పనిచేసే కోడికి కూడా మందు వంతు కొంతే, మిగతాదంతా మనం దగ్గర కూర్చుని చేసే చాకిరీ. ఆ సంగతి మెడికల్ షాపులో ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నాను.

మాది తణుకు దగ్గర పల్లె. పెరట్లో నాటు కోళ్లు, రెండు మూడు వనరాజా పెట్టలు ఉన్నాయి. జబ్బు చేసింది మాత్రం డేగ రంగు నాటు పెట్టకి. పొదుగుడు నుంచి లేచిన కొత్తలో, ముందు తల ఒక పక్కకి వంచి చూడటం మొదలుపెట్టింది. ఏదో వినపడి చూస్తోందేమో అనిపించేలా ఉంటుంది ఆ వంపు, అంత చిన్నగా మొదలవుతుంది. మర్నాటికి మెడ పూర్తిగా మెలిపడి ముక్కు ఆకాశం వైపు, నడినెత్తి వీపు వైపు. గింజ వేస్తే కనపడుతుంది, పొడుస్తుంది కూడా, కానీ ముక్కు గింజకి అంగుళం పక్కన నేల మీద పడుతుంది. మళ్లీ పొడుస్తుంది, మళ్లీ తప్పుతుంది. ఆకలి ఉండి తినలేకపోతున్న జీవాన్ని చూడటం చాలా కష్టం.

మా అత్తయ్య అయితే చూడగానే, "మెడ తిరిగిన కోడి బతకదమ్మా, ఇంకా చిక్కిపోకముందే కోసేయించు" అన్నారు. ఊళ్లో అందరూ అనేమాటే అది, ఆవిడ తప్పేం లేదు. కొక్కెర తెగులు వచ్చి పెరడు పెరడంతా ఊడ్చిపెట్టుకుపోవడం చూసిన వాళ్లు అలాగే అంటారు. పైగా జబ్బు కోడిని కోసి తినడం, చుట్టుపక్కల వాళ్లకి పంచడం మంచిది కాదని పశువుల డాక్టర్లు ఎప్పుడూ చెప్పేదే. నేను కోయించలేదు, ఆసుపత్రికి తీసుకెళ్లాను.

మందు గురించి చెప్పేముందు ఇది చెప్పాలి, ఎందుకంటే డబ్బు దండగయ్యేదీ ఇక్కడే, మిగతా కోళ్లు పోయేదీ ఇక్కడే. మెడ తిరగడం అనేది ఒక జబ్బు కాదు, చాలా జబ్బుల్లో కనపడే లక్షణం. డాక్టర్ గారు కోడి మెడ కంటే ముందు మా పెరడు గురించి అడిగారు. వేరే కోళ్లు చనిపోయాయా, ఆకుపచ్చగా నీళ్లలా పారుతున్నాయా, నోరు తెరిచి గురకగా ఊపిరి తీస్తున్నాయా, గుడ్లు ఒక్కసారిగా తగ్గాయా, టీకాలు వేయించకుండా వదిలేశారా అని. వీటిలో ఏ ఒక్కటి అవునన్నా ముందు అనుమానించాల్సింది కొక్కెర తెగులునే, అంటే రాణిఖేత్. అది వైరస్, దానికి మందు లేదు, ఎవియాన్ డబ్బాలకి డబ్బాలు పోసినా లాభం లేదు. దానికి ఉన్నదల్లా ముందుగా వేయించే టీకానే. కోడిపిల్లలకి మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో వేసే లసోటా చుక్క, తర్వాత రెండు నెలల వయసు దగ్గర ఇచ్చే ఆర్2బి సూది. తెగులు తగిలి బతికి బయటపడ్డ కోళ్లలో కూడా కొన్నిటికి మెడ అలా మెలిపడి ఉండిపోతుంది.

ఇంకో రెండు తేడాలు కూడా ఆయన చూపించారు. మెడ మెలితిరగకుండా తాడులా మెత్తగా వేలాడిపోతే అది కుళ్లిన కళేబరాలూ వాటి పురుగులూ తిన్నప్పుడు వచ్చే విషం కావచ్చు, ఆ కోడిని ఆలస్యం చేయకుండా తీసుకురావాలి. ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ చాపి పడిపోతే మారెక్స్ అనే ఇంకో వైరస్‌ని అనుమానించాలి. నెత్తి మీద దెబ్బ తగిలినా, చెవిలో చీము పట్టినా కూడా మెడ వంగుతుంది. మా పెట్టకి ఇవేవీ లేవు. మిగతా కోళ్లన్నీ బాగున్నాయి, దీని రెట్ట మామూలుగా ఉంది, కళ్లలో కళ ఉంది. తిండి లోపం అయి ఉండొచ్చని, విటమిన్ ఇ, బీ1 రెండూ ఇచ్చి చూద్దామని అన్నారు.

ఇక క్యాప్సూల్ సంగతి. మెడికల్ షాపులో కుర్రాడు "జుట్టుకాండీ, మొహానికాండీ?" అన్నాడు, కోడికి అంటే ఒక్క క్షణం చూసి ఇచ్చాడు. నేను కొన్నప్పుడు ఒక్కోటి అయిదు రూపాయల లోపే పడింది. ఒకప్పుడు మెర్క్ వాళ్ల మందు ఇది, 2018లో ఆ వ్యాపారం ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ చేతికి వెళ్లింది, కాబట్టి స్ట్రిప్ మీద కంపెనీ పేరు వేరేగా ఉందని కంగారుపడకండి. ఇది మనుషుల మందు. కోడికి ఎంత ఇవ్వాలో అట్ట మీద ఉండదు. మాకు రోజుకి ఒకటి చొప్పున ఇవ్వమని డాక్టర్ గారు చెప్పారు. మీ కోడి వయసు, బరువు బట్టి మీ డాక్టర్ గారినే అడగండి, కోడిపిల్లలకైతే మరీ.

క్యాప్సూల్ కోడి మింగదు. గుండుసూదితో ఒక చివర పొడిచి పిండితే చిక్కటి నూనె వస్తుంది. దాన్ని ఉడికిన గుడ్డు సొనలో కలిపి చిన్న చిన్న ముద్దలు చేసి పెట్టాను. ఇ విటమిన్ కొవ్వుతో కలిస్తేనే ఒంటికి బాగా పడుతుంది, సొనలో ఆ కొవ్వుతో పాటు కాస్త సెలీనియం అనే ఖనిజం కూడా ఉంటుంది, ఈ రెండూ కలిసి పనిచేసేవే. అలాగని సెలీనియం విడిగా కొనుక్కొచ్చి పోయకండి, కాస్త ఎక్కువైనా అది విషం. బీ1 కోసం మామూలు బీ కాంప్లెక్స్ బిళ్ల, వెనక థయామిన్ అని రాసి ఉందో లేదో చూసుకుని తెచ్చి, పొడి చేసి నీళ్లలో కలిపాను. ఆ వాసన కోడికి అస్సలు నచ్చదు, తల విదిలించి మన మొహం మీద చల్లుతుంది.

నీళ్ల మందు పట్టేటప్పుడే అసలు ప్రమాదం. కోడి నోరు తెరిచి చూడండి, నాలుక మొదట్లో చిన్న చీలికలాంటి రంధ్రం ఉంటుంది, ఊపిరి తీసినప్పుడల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ కనపడుతుంది. అది ఊపిరి గొట్టం. నీళ్లు అందులోకి పోయాయంటే మెడ జబ్బు కంటే ముందు ఊపిరితిత్తులు పాడై కోడి పోతుంది. మెడ తిరిగిన కోడికి ఆ రంధ్రం ఎటు ఉందో మనకి అర్థం కాదు. కాబట్టి సూది తీసేసిన సిరంజితో ముక్కు పక్కన ఒక్కో చుక్క పెట్టాలి, అది నాలుక ఆడించి మింగాక ఇంకో చుక్క. నోట్లోకి బుస్సుమని కొట్టకూడదు. ఒక చేత్తో రెక్కలు ఒంటికి అదిమి పట్టుకుని, రెండో చేత్తో తలని మెల్లగా, అది ఎంత వస్తే అంతవరకే నిటారుగా తేవాలి. బలవంతంగా తిప్పకూడదు.

మిగతా రోజంతా దాన్ని కంగారు పడకుండా చూడాలి. ఈ జబ్బులో ఒక గుణం ఉంది, భయపడ్డా టెన్షన్ పడ్డా మెడ ఇంకా బిగుసుకుపోతుంది. కుక్క అరిచినా, పిల్లలు చుట్టూ మూగినా అది వెనక్కి దొర్లిపోయేది. అట్టపెట్టెలో పాత గోనె పరిచి, పాత చీరతో కుండల కింద పెట్టే చుట్టకుదురు లాంటిది చుట్టి, దాని మధ్యలో కూర్చోబెట్టాను, ఒరిగిపోకుండా నాలుగు వైపులా ఆసరా ఉంటుంది. పైన పల్చటి గుడ్డ కప్పి వెలుతురు తగ్గించాను. మిగతా కోళ్ల దగ్గర వదిలితే పొడిచి చంపేయొచ్చు. తిండికి పల్చటి రాగి జావ, నానబెట్టి మెత్తగా నలిపిన దాణా, సొన. కొంచెం కొంచెంగా చాలాసార్లు. మెడ కింద మేత సంచి తడిమి చూడాలి, ముందు పెట్టింది దిగకుండా బరువుగా ఉంటే మళ్లీ పెట్టకూడదు. రెట్ట అంటుకుంటే గోరువెచ్చటి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే ఈగలు వాలి పురుగు పడుతుంది. ఇదంతా ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి కష్టమే, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి.

ఫలితం చెప్తాను. మొదటి రెండు మూడు రోజులు ఏమీ తేడా లేదు, నిజానికి ఇంకా నీరసించింది. తర్వాత ఒక పొద్దున గుడ్డ తీసేసరికి తల పక్కకి వంగి ఉంది కానీ ముక్కు పైకి లేదు. గింజ చూపిస్తే తప్పుతూ తప్పుతూ ఒకటి అందుకుంది. ఆ గింజ మింగినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు, అత్తయ్య కూడా పని ఆపి వచ్చి చూశారు. వారం దాటేసరికి సొంతంగా నీళ్లు తాగింది, నెల లోపు మిగతా కోళ్లతో తిరిగింది. బెదిరినప్పుడు మాత్రం ఇప్పటికీ మెడ కాస్త ఎడమకి లాగుతుంది. ఇ, బీ1 రెండూ కలిపి ఇచ్చాం కాబట్టి ఘనతంతా ఎవియాన్‌కే కట్టబెట్టను. బీ1 లోపమే అయితే చాలా త్వరగా తేరుకుంటాయట, ఇ లోపం నెమ్మది, అందులోనూ మెదడు బాగా దెబ్బతిన్నాక ఎన్ని క్యాప్సూళ్లు వేసినా వెనక్కి రాదు. అందుకే మొదటి వంపు చూసిన రోజే మొదలుపెట్టాలి.

అసలు లోపం ఎక్కణ్ణించి వచ్చింది అంటే, మేత. పొదుగుడు మీద ఉన్న పెట్ట రోజుకోసారి లేచి గబగబా దొరికింది తిని మళ్లీ ఎక్కేస్తుంది, పురుగూ ఆకూ ఏరుకునే టైం ఉండదు. మా వైపు దొరికేది నూకలు, మిగిలిన తెల్లన్నం, తౌడు. పాలిష్ పట్టిన బియ్యంలో బీ1 చాలా తక్కువ, ఉన్నదంతా తౌడుతో పోతుంది. ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది కూడా కోళ్ల వల్లే. 1890లలో బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్ డాక్టర్ పెంచుతున్న కోళ్లు కాళ్లు పడిపోయి చచ్చిపోతుంటే, ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం పెట్టినన్నాళ్లూ జబ్బు, ముడిబియ్యం పెట్టాక నయం అని గమనించాడు. బీ1 లోపంతో మనుషులకొచ్చే బెరిబెరి జబ్బు సంగతి తేలడానికి దారి అక్కడే పడింది, 1929లో ఆయనకి నోబెల్ కూడా ఇచ్చారు. మరి తౌడు పెడితే సరిపోతుంది కదా అంటే, మరపట్టిన తౌడు నిల్వ ఉండదు. అందులో నూనె చెడి చేదెక్కుతుంది, ఆ చెడిన నూనె ఇ విటమిన్‌ని నాశనం చేస్తుంది. వానాకాలం బస్తాలో ముక్కిన వాసన వచ్చే తౌడు ఎంత చవకైనా కొనకండి. ఇంకోటి, రక్తపు పారుడుకి వాడే యాంప్రోలియం మందు బీ1 పనిని అడ్డుకుంటుంది, ఎక్కువ మోతాదులో ఎక్కువ రోజులు వాడితే లోపం అలా కూడా వస్తుంది. ఈ మధ్య ఆ మందు వాడి ఉంటే డాక్టర్ గారికి తప్పకుండా చెప్పండి.

ఈ క్యాప్సూల్‌తో నాకున్న ఇబ్బందులు చిన్నవే. నూనె జిడ్డు ముక్కు చుట్టూ ఈకలకి అంటుకుని దుమ్ము పడుతుంది, తుడవకపోతే గట్టిపడుతుంది. 400 మోతాదు కోడిపిల్లలకి పంచి ఇవ్వడం కుదరదు, పొడిచాక మిగిలింది దాచుకోలేం. అయిదుకి నాలుగు మార్కులు ఇస్తాను, ఒకటి తగ్గించింది అందుకే. ధర విషయంలో వంక లేదు, పల్లెటూరి మెడికల్ షాపులో కూడా దొరికే మందు, కోళ్ల మందులేమో మాకైతే టౌనుకి వెళ్తేనే దొరుకుతాయి.

ఒకటీ రెండూ పెద్ద కోళ్లకైతే క్యాప్సూలే కొనండి. కోడిపిల్లలు పదీ పాతికా ఉండి రెండు మూడు ఒకేసారి మెడలు వంచుతుంటే మాత్రం క్యాప్సూళ్లు పొడుస్తూ కూర్చోవద్దు, కోళ్ల మందుల షాపులో నీళ్లలో కలిపే విటమిన్ ద్రావణం అడగండి, సీసా మీద ఇ ఉందో చూడండి, బీ1 లేకపోతే అది విడిగా తీసుకోండి. కలిపిన నీళ్లు ఏ పూటకాపూట పారబోయాలి, ఎండలో పెట్టకూడదు. దాంతో పాటే కొత్త దాణా బస్తా కూడా తెచ్చుకోండి, పాతది పెడుతూ మందు పోస్తే మళ్లీ అదే మెడ, అదే అట్టపెట్టె.