అత్తయ్యగారితో అరకు: గడప ఎత్తు నుంచి కాఫీ పొట్లం దాకా

అరకు ఎలా ఉందంటే బాగుందని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. మంచు, కొండలు, పచ్చగా విరగబూసిన వలిసె చేలు... వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను, ఒక్కచోట కూర్చోని మనవడిని వెంటబెట్టుకుని వెళ్తే ఎక్కడ దిగాలి, ఏది చూడాలి, ఏది వదిలేయాలి అన్నదే అసలు ప్రశ్న. దానికి మాత్రం నా దగ్గర కాస్త సరుకుంది.

నేను రాజమండ్రి వైపు దివ్యాంగ పిల్లలతో ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని. ఇంటింటికీ తిరగడం, పింఛను కాగితాలు రాయడం, తల్లుల్ని ఆసుపత్రికి తీసుకెళ్లడం, బడిలో ర్యాంపు కట్టించమని హెడ్మాస్టర్లను బతిమాలడం. ఆ అలవాటు సెలవుల్లోనూ పోలేదు. గదిలోకి వెళ్లగానే అందరూ బాల్కనీ చూస్తే నేను బాత్రూం గడప చూస్తాను. "టేపు తెచ్చుకున్నావా?" అని మావారు వేళాకోళం చేస్తారు. టేపెందుకు, జాన చాలదూ! పనిలో పడి ఇంటికి ఎగ్గొట్టిన ఆదివారాలన్నిటికీ బదులుగా ఏడాదికోసారి అందరం కలిసి ఎటైనా వెళ్లాలన్నది మా ఇంటి ఒప్పందం. అత్తయ్యగారిని వదిలి వెళ్లకూడదన్నది అందులో మొదటి షరతు.

విశాఖ నుంచి అరకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. కారులో వెళ్తే మీ ఇష్టం వచ్చినచోట ఆగొచ్చు గానీ, ఘాట్ మలుపుల్లో పెద్దవాళ్లకు, పిల్లలకు కడుపులో తిప్పేస్తుంది. అందుకే ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు కారు అనుకున్నాం. పొద్దున్నే బయలుదేరే కిరండూల్ రైలు ఇది. 1960ల్లో ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి వేసిన లైను. శృంగవరపుకోట దాటాక కొండ ఎక్కడం మొదలవుతుంది. ఈ లైను మొత్తం మీద 58 సొరంగాలంటారు. మా మనవడు వేళ్ల మీద లెక్కపెడుతూ లెక్కపెడుతూ జంతికల పొట్లం కనబడగానే లెక్క వదిలేశాడు. అరకుకు ముందొచ్చే షిమిలిగూడ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంది. ఒకప్పుడు బ్రాడ్‌గేజ్ మీద దేశంలోకెల్లా ఎత్తైన స్టేషన్‌గా దానికి పేరు.

2017లో ఈ రైలుకి అద్దాల కప్పున్న విస్టాడోమ్ పెట్టె తగిలించారు. టికెట్టు ఖరీదే. అయినా పెద్దవాళ్లుంటే ఆ డబ్బు దండగ కాదంటాను. కాళ్లు చాపుకోవచ్చు, కుర్చీ ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. మేమిద్దరం, మనవడు మామూలు పెట్టెలో కూర్చున్నాం. అత్తయ్యగారికి తోడుగా మా అమ్మాయి అద్దాల పెట్టెలో కూర్చుంది. నిజం చెప్పాలంటే సరదా మా పెట్టెలోనే ఎక్కువ. కిటికీలోంచి గాలి, తోటి ప్రయాణికుల కబుర్లు. అద్దాల పెట్టెలో ఆ చల్లగాలి ముఖానికి తగలదు కదా.

బస సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ముందుగా బుక్ చేసుకున్నచోట ఫోటోల్లో లోయ కనిపించింది. వెళ్లి కిటికీ తీస్తే పక్క హోటలు గోడ. సరే, గోడతో పేచీ లేదు. బాత్రూం గడప మాత్రం జానెడున్నర ఉంది, లోపల నేల నున్నటి టైల్స్, పట్టుకోవడానికి ఏమీ లేదు. వేడినీళ్లు పొద్దున కాసేపే. కింది అంతస్తులో గది కావాలని ఫోనులో రెండుసార్లు చెప్పినా మెట్ల మీదే ఇచ్చారు. కౌంటర్‌లో అడిగితే "సీజన్ మేడమ్" అన్న ఒక్క మాటే సమాధానం. గదులు చూసే కుర్రాడు మాత్రం మేము అడక్కుండానే రెండు ఇటుకలు తెచ్చి గడప ముందు పెట్టి, పైన గోనెసంచి మడతపెట్టి వేశాడు. తన కాలితో తొక్కి కదలట్లేదని చూశాకే "ఇప్పుడు రండి మామ్మగారూ" అన్నాడు. ఆ హోటలుకు నేను మార్కులు వేస్తే అన్నీ ఆ కుర్రాడివే.

మర్నాడు ఊరికి కాస్త ఎడంగా ఉన్న చిన్న బసకు మారాం. పెంకుటిల్లు లాంటి కట్టడం, గుమ్మం నేలకు సమంగా, ముందు వసారా. టీవీ లేదు, సిగ్నలూ అంతంతమాత్రం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. పొద్దున్నే చోడి (రాగి) అంబలి అడిగితే పెట్టారు. అద్దె మొదటిదానికన్నా తక్కువ. డిసెంబరు, జనవరిలో వెళ్లేవాళ్లు మాత్రం బస ఎక్కడైనా చాలా ముందే ఖాయం చేసుకోవాలి. ఫోటోలు కాదు, బాత్రూం వీడియో పంపమని అడగండి. పంపకపోతే అదే సమాధానం.

బొర్రా గుహలు చూడాల్సినవే, అందులో మొహమాటం లేదు. సున్నపురాయి మీద నీటిచుక్క తరతరాలుగా చెక్కిన ఆకారాలు. గోస్తనీ నది పుట్టుక అక్కడేనని చెబుతారు. కానీ మెట్లు బోలెడు, తడి. అత్తయ్యగారు కొంతదూరం దిగి, పైకి చూసి దణ్ణం పెట్టుకుని "ఇక చాలమ్మా" అన్నారు. మేం వంతులు వేసుకుని లోపలికెళ్లాం. బయట ఒంటరిగా ఎవరినీ కూర్చోబెట్టకండి. చేతిలో సంచి కనబడితే కోతులు ఊరుకోవు. చాపరాయి దగ్గర నీళ్లు బండల మీద జారుతూ చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ పాచి ఎక్కువ. పెద్దవాళ్లను ఒడ్డునే ఉంచడం మంచిది. పద్మాపురం తోటలో చెట్ల మీద గుడిసెలు కుర్రకారుకి. గిరిజన మ్యూజియం మాత్రం అందరికీ నప్పుతుంది. పక్కనే కాఫీ మ్యూజియం.

బొంగులో చికెన్ గురించి ఒక మాట. నూనె లేకుండా పచ్చి వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాలుస్తారు. కళ్ల ముందు కూరించుకుంటే దాని రుచే వేరు. ముందే కాల్చి పెట్టినవి మళ్లీ వేడిచేసి ఇచ్చేచోట తినకపోయినా నష్టం లేదు.

రాత్రి ఒక రిసార్టులో గిరిజనుల థింసా ఆట. చేతులు వెనక నుంచి కలుపుకుని, అడుగులో అడుగు వేస్తూ ఆడవాళ్లు ఆడతారు. అయ్యాక వాళ్లలో ఒకావిడతో మాట కలిపాను. ఇచ్చేది గుంపుకంతా కలిపి ఇస్తారట, ఆటో కిరాయి పోగా మిగిలేది ఎంతో చెబితే నాకే మాట రాలేదు. ఆ ఆట కోసం మా దగ్గర వసూలు చేసింది గుర్తొచ్చింది. ఇలాంటిచోట చప్పట్లు కొట్టి రావడం కాకుండా ఎవరికెంత ముడుతుందో అడగండి, యాజమాన్యానికి వినబడేలాగే అడగండి.

కాఫీ కొనాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణాలు ఉన్నాయి. 1956లో పెట్టిన సంస్థ. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగ, గిరిజన రైతుల తోటలు చాలావరకు ఇలాగే ఉంటాయి. వ్యూ పాయింట్ల దగ్గర అమ్మే పొట్లాల్లో ఎంత కాఫీ, ఎంత చికోరీ అన్నది అమ్మేవాడికీ తెలియదు. సంతలో పసుపు, పిప్పళ్లు, రాజ్మా తెచ్చే ఆడవాళ్ల దగ్గర నేరుగా కొన్నాం. మావారు బేరం మొదలుపెట్టబోతే అత్తయ్యగారు ఒక్క చూపు చూశారు, ఆయన పర్సు తీశారు.

దిగేటప్పుడు కారు మాట్లాడుకుంటే కిరాయి ఒక్కటే కాదు, అనంతగిరి కాఫీ తోటల దగ్గర, దముకు వ్యూ పాయింట్ దగ్గర ఆపడం కూడా ముందే ఖాయం చేసుకోండి. పెద్దావిడను ముందు సీట్లో కూర్చోబెట్టి, టిఫిన్ తేలిగ్గా పెట్టాం, వాంతుల గొడవ లేదు. బీపీ, షుగర్ మాత్రలు రెండు రోజులకు ఎక్కువే ఉంచుకోవాలి. అరకులో ఏరియా ఆసుపత్రి ఉన్నా, రాత్రిపూట ఘాట్ మీద మందుల షాపు వెతుక్కోవడం కుదరని పని.