చేపనూనె మాత్రా, స్టాటినా, స్టెంటా: గుండె రక్తనాళాలకు ఏది మేలు?

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో గుండె వైద్యుడికి చూపించుకుని ఇంటికి చేరినవారి మందుల పెట్టె తెరిచి చూస్తే, అందులో తరచుగా రెండు రకాల సరుకు కనిపిస్తుంది. చీటీలో రాసినవి ఒక రకం: కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర (అటార్వాస్టాటిన్ లేదా రోసువాస్టాటిన్), బీపీ మాత్ర, అవసరమైనవారికి ఆస్పిరిన్. ఎవరో చెబితే కొన్నవి రెండో రకం, అంటే సప్లిమెంట్లు: చేపనూనె క్యాప్సూళ్ల డబ్బా, వెల్లుల్లి మాత్రలు, కోఎంజైమ్ క్యూటెన్, తెల్లమద్ది బెరడు పొడి. కొన్నాళ్లకు మొదటి రకం ఆగిపోయి రెండో రకం మాత్రమే మిగిలిన ఇళ్లు కూడా ఉన్నాయి. “అది రసాయనం, ఇది ఆహారమే కదా” అన్న మాట ఆ నిర్ణయం వెనుక దాదాపు ఎప్పుడూ వినిపిస్తుంది. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో తేల్చాలంటే, రెండింటినీ ఒకే కొలతతో చూడాలి.

ఆ కొలత ఏది అన్నదే అసలు విషయం. రక్తపరీక్షలో ఒక అంకె తగ్గడం వేరు, గుండెపోటో పక్షవాతమో రాకుండా ఆగడం వేరు. ఈ తేడాను వైద్యరంగం కూడా ఎదురుదెబ్బలు తిన్నాకే నేర్చుకుంది. రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం ఎక్కువగా ఉన్నవారికి గుండెజబ్బు ఎక్కువని గమనించి, ఫోలిక్ ఆమ్లం, బీ విటమిన్లు ఇచ్చి చూశారు. హోమోసిస్టీన్ చక్కగా తగ్గింది, గుండెపోట్లు మాత్రం తగ్గలేదని 2006లో వెలువడిన రెండు పెద్ద పరిశోధనలు చెప్పాయి. నియాసిన్ అనే బీ విటమిన్ విషయంలోనూ అంతే: అది మంచి కొలెస్ట్రాల్‌ను పెంచింది, కానీ స్టాటిన్ వాడుతున్నవారికి అదనంగా ఏ రక్షణా ఇవ్వలేదు. విటమిన్-ఈ సంగతి ఇంకా నిరాశాజనకం. 2000 సంవత్సరంలో వెలువడిన హోప్ పరిశోధనలో రోజుకు 400 యూనిట్లు ఇచ్చినా ప్రయోజనం కనిపించలేదు. అదే బృందాన్ని మరికొన్నేళ్లు గమనించినప్పుడు, ఆ విటమిన్ తీసుకున్నవారిలో గుండె వైఫల్యం కొంత ఎక్కువగా తేలింది. అందువల్ల “మా మాత్ర వేసుకుంటే రిపోర్టు బాగా వచ్చింది” అనే సాక్ష్యాన్ని ఎవరు చెప్పినా సగం సాక్ష్యంగానే తీసుకోవాలి.

ఆ సగం సాక్ష్యంలోనైనా సప్లిమెంట్లు నిలబడతాయా అని నేరుగా ముఖాముఖి పెట్టి చూసిన పరిశోధన ఒకటి ఉంది. అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ వైద్యులు 2022లో ప్రకటించిన ఆ పరిశోధన పేరు స్పోర్ట్. అప్పటివరకు గుండెజబ్బు లేని, అయితే వచ్చే అవకాశం కొంత ఉన్న సుమారు 200 మందిని ఎనిమిది జట్లుగా విభజించి, ఒక జట్టుకు అతి తక్కువ మోతాదైన 5 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్, ఒక జట్టుకు మందు లేని ఉత్తుత్తి మాత్ర, మిగిలిన ఆరు జట్లకు వరుసగా చేపనూనె, దాల్చినచెక్క, వెల్లుల్లి, పసుపు, మొక్కల స్టెరాల్స్, ఎర్ర ఈస్టు బియ్యం (ఎర్ర ఈస్టుతో పులియబెట్టిన బియ్యం) మాత్రలు 28 రోజుల పాటు ఇచ్చారు. రోసువాస్టాటిన్ జట్టులో చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, సగటున 38 శాతం దాకా తగ్గింది. ఆరు సప్లిమెంట్లలో ఏ ఒక్కటీ ఉత్తుత్తి మాత్రను చెప్పుకోదగినంతగా దాటలేదు; వెల్లుల్లి జట్టులోనైతే ఎల్‌డీఎల్ కొద్దిగా పెరిగింది కూడా. ఈ పరిశోధనకు రోసువాస్టాటిన్‌ను మార్కెట్లోకి తెచ్చిన సంస్థే నిధులిచ్చిందనీ, 28 రోజులు స్వల్పకాలమనీ విమర్శించేవారున్నారు. ఆ విమర్శ న్యాయమైనదే. అయినా సప్లిమెంట్ల డబ్బాల మీద రాసే మాటలకూ ఈ ఫలితాలకూ మధ్య ఉన్న అగాధం, నిధుల మూలం చెప్పినంత మాత్రాన పూడేది కాదు.

అసలు కొలతకు, అంటే ప్రాణం నిలవడానికి వస్తే, పోలిక మరీ ఏకపక్షమవుతుంది. 1994లో వెలువడిన స్కాండినేవియా పరిశోధనలో, గుండెజబ్బు ఉన్న 4,444 మందిలో సగం మందికి సిమ్వాస్టాటిన్ ఇచ్చి ఐదేళ్లకు పైగా గమనించగా, మరణాలు 30 శాతం తగ్గాయి. ఆ తరువాత లక్షకు మించిన రోగుల వివరాలను ఒకచోట చేర్చి లెక్కించినప్పుడు, ఎల్‌డీఎల్ డెసిలీటరుకు సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం వంటివి దాదాపు ఐదో వంతు తగ్గుతున్నాయని తేలింది. ఏ సప్లిమెంటు వెనుకా ఈ స్థాయి ఆధారం లేదు. మన తెల్లమద్ది బెరడు మీద జరిగినవి చిన్న పరిశోధనలే. గుగ్గులు సారాన్ని 2003లో అమెరికాలో పరీక్షిస్తే ఎల్‌డీఎల్ తగ్గకపోగా స్వల్పంగా పెరిగింది. వాటిని తృణీకరించమని నేను అనడం లేదు. గుండెపోటు వచ్చి తగ్గిన మనిషికి స్టాటిన్ స్థానంలో వాటిని ఇవ్వడం మాత్రం ఏ తర్కానికీ అందదు.

ఇక స్టాటిన్ల మీది భయం సంగతి. ఒళ్లునొప్పులు వస్తాయి, షుగరు పెరుగుతుంది, లివరు పోతుంది అనే మూడు మాటలు మన ప్రాంతంలో అందరూ వినే ఉంటారు. ఒళ్లునొప్పుల గురించి 2020లో ఇంగ్లండులో జరిగిన సామ్సన్ అనే పరిశోధన ఆసక్తికరమైనది. నొప్పుల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా, ఏది ఏదో తెలియకుండా మార్చి మార్చి ఇచ్చారు. స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. నొప్పి అబద్ధమని దీని అర్థం కాదు, నొప్పి నిజమే. దానికి కారణం చాలామందిలో మాత్రలోని మందు కాదు. షుగరు విషయంలో భయానికి కొంత ఆధారముంది: సుమారు 255 మంది నాలుగేళ్లు స్టాటిన్ వాడితే, వారిలో ఒకరికి అదనంగా మధుమేహం బయటపడుతుంది. వారు చాలావరకు అప్పటికే షుగరు అంచున ఉన్నవారు. లివరుకు తీవ్రమైన హాని చాలా అరుదు. ఇవన్నీ వైద్యుడితో చర్చించి మోతాదు తగ్గించడానికో, మాత్ర మార్చడానికో కారణాలవుతాయి కానీ, ఎవరికీ చెప్పకుండా మానేయడానికి కావు.

సప్లిమెంట్లలో కాస్త బలమైన వాదన చేపనూనెదే కాబట్టి దాని దగ్గర కొంతసేపు ఆగాలి. 2018లో వెలువడిన వైటల్ పరిశోధనలో 25,871 మందిలో సగం మందికి రోజుకు ఒక గ్రాము ఒమేగా-3 (చేపనూనెలోని కొవ్వు) ఇచ్చి చూస్తే, ప్రధాన గుండెజబ్బుల మొత్తంలో తేడా రాలేదు. అదే ఏడాది 15,480 మంది మధుమేహ రోగుల మీద జరిగిన అసెండ్ పరిశోధనదీ అదే ఫలితం. కానీ ఆ సంవత్సరమే రెడ్యూస్-ఇట్ అనే మరో పరిశోధన, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు ఎక్కువగా ఉండి స్టాటిన్ కూడా వాడుతున్న 8,179 మందిలో, శుద్ధిచేసిన ఈపీఏను (ఒమేగా-3లో ఒక రకం) రోజుకు 4 గ్రాములు ఇస్తే గుండె సంబంధ ప్రమాదాలు 25 శాతం తగ్గాయని చూపింది. అవతలి జట్టుకు ఇచ్చిన ఖనిజ తైలమే హాని చేసి, ఈ తేడాను పెద్దదిగా చూపిందేమో అనే వివాదం ఇప్పటికీ నడుస్తోంది. ఎందుకంటే 2020లో 13,078 మంది మీద, ఈపీఏతో పాటు డీహెచ్ఏ అనే మరో రకం ఒమేగా-3 కూడా కలిసిన మందుతో, మొక్కజొన్న నూనెను పోలికగా పెట్టి చేసిన స్ట్రెంగ్త్ పరిశోధనలో ఏ లాభమూ కనిపించలేదు.

వివాదం ఎటు తేలినా, మందుల షాపులో దొరికే డబ్బాకు ఆ పరిశోధన వర్తించదు. 1000 మిల్లీగ్రాములు అని పెద్ద అక్షరాలతో ఉన్న మామూలు క్యాప్సూల్‌ను వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివితే, ఈపీఏ 180, డీహెచ్ఏ 120 మిల్లీగ్రాములని ఉంటుంది. మిగిలినదంతా ఇతర కొవ్వే. రోజుకు 4 గ్రాముల ఈపీఏ అందాలంటే అటువంటివి ఇరవైకి పైగా మింగాలి. పైగా ఒమేగా-3 మోతాదు పెరిగేకొద్దీ గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బు కొంత ఎక్కువవుతున్నట్టు ఈ పరిశోధనలే చూపాయి. నెలకు కొన్ని వందల రూపాయలు ఆ డబ్బాకు పోసి, మాత్రకు కొద్ది రూపాయలైన స్టాటిన్ ఖరీదైనదని మానేసేవారిని చూస్తే, ఆ లెక్క నాకు ఎన్నడూ అర్థం కాదు. చేపలు తినేవారికి కృష్ణా తీరాన చేపలకు కొరత లేదు. వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకుంటే చాలు, వేయించకుండా.

ఎర్ర ఈస్టు బియ్యం కథ మరోలా ఉంటుంది. అందులో ఉండే మొనకోలిన్ కె అనే పదార్థం, 1987లో అమెరికాలో అనుమతి పొందిన లోవాస్టాటిన్ అనే మందు ఒక్కటే. స్టాటిన్లను మొట్టమొదట కనుగొన్న జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో వాటిని బూజు నుంచే తీశారు కనుక, ప్రకృతి నుంచి వచ్చింది ఏది, రసాయనం ఏది అన్న విభజనే ఇక్కడ చెరిగిపోతుంది. మిగిలే తేడా ఒక్కటే: మాత్రలో మోతాదు నిర్ణీతం, బియ్యంలో తయారీని బట్టి మారుతుంది. 2024లో జపాన్‌లో ఎర్ర ఈస్టు మాత్రలు వాడినవారికి మూత్రపిండాలు దెబ్బతిని, అనేకులు ఆసుపత్రుల పాలయ్యాక ఆ సరుకును వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మన దేశంలోనూ సప్లిమెంట్లు ఔషధ చట్టం కింద కాక, ఆహార భద్రతా సంస్థ లైసెన్సు మీద అమ్ముడవుతాయి. వాటి మీద ఔషధంగా వాడరాదనే హెచ్చరిక కూడా ముద్రించాలి. డబ్బా కొనేవారిలో ఆ వాక్యం చదివేవారు ఎందరో!

ఈ మాత్రల జాబితాలో చేరనివి, చవకగా పనిచేసేవి రెండున్నాయి. ఇసబ్‌గోల్ రోజుకు ఏడు నుంచి పది గ్రాములు తీసుకుంటే ఎల్‌డీఎల్ 5 నుంచి 10 శాతం తగ్గుతుంది. స్టాటిన్‌కు ప్రత్యామ్నాయం కాదు, మంచి తోడు. రెండవది ఉప్పు. గుంటూరు భోజనం గురించి ఎవరు మాట్లాడినా మిరపకారాన్నే తప్పు పడతారు, కానీ రక్తనాళాలకు చేటు చేసేది ఆవకాయలో, గోంగూర పచ్చడిలో, ఊరమిరపకాయల్లో, అప్పడాల్లో కారంతో పాటు దిగే ఉప్పే. రోజుకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పచ్చడి ముద్దతో మొదలై మజ్జిగ మిరపకాయతో ముగిసే భోజనం ఆ హద్దును సులువుగా దాటుతుంది. చైనాలోని 600 గ్రామాలలో 20,995 మంది మీద చేసి 2021లో ప్రకటించిన పరిశోధనలో, మామూలు ఉప్పులో నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపి వాడితే పక్షవాతం 14 శాతం తగ్గింది. ఇంత స్పష్టమైన ఫలితం ఏ విటమిన్ డబ్బాకూ లేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, పొటాషియం పెంచే బీపీ మందులు వాడేవారు మాత్రం వైద్యుడిని అడగకుండా ఆ ఉప్పు జోలికి పోరాదు.

ఇక చివరి పోలిక, డబ్బూ భయమూ ఎక్కువగా ముడిపడినది: పూడిక ఉందని తేలాక, నాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టమైన స్టెంటా, బైపాసా, మందులా, లేక సెలైన్‌లో ఎక్కించి పూడిక కరిగిస్తామనే కీలేషన్ చికిత్సా? కీలేషన్ గురించి ముందుగా చెప్పి పక్కన పెట్టవచ్చు. 2013లో వెలువడిన మొదటి పరిశోధనలో, ముఖ్యంగా మధుమేహ రోగులలో కొంత ఆశ కనిపించింది; అదే తరహా రోగులు 1,000 మంది మీద తిరిగి పరీక్షిస్తే, 2024లో ఆ ఆశ నిలవలేదు. ఆపరేషన్ లేకుండా పూడిక పోతుందన్న ప్రకటన ఎంత ఊరటనిచ్చినా, దాని వెనుక ఆధారం లేదు.

స్టెంటు విషయంలో సందర్భమే సర్వం. గుండెపోటు వస్తున్న క్షణంలో మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచే స్టెంటు ప్రాణదాత. అక్కడ చర్చ వద్దు, 108కి ఫోన్ చేసి వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేరడమే. నడిస్తే మాత్రమే ఛాతీ పట్టేసే, నిలకడగా ఉన్న జబ్బులో లెక్క వేరు. 2007లో కరేజ్, ఆ తరువాత మన దేశ రోగులు కూడా పాల్గొన్న 5,179 మంది ఇస్కీమియా పరిశోధన ఒకే సంగతి చెప్పాయి: మందులు సరిగా వాడుతున్నవారికి అదనంగా స్టెంటో బైపాసో చేస్తే ఛాతీనొప్పి బాగా తగ్గుతుంది, మరణాలు మాత్రం తగ్గవు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంటు ధరను 29,600 రూపాయలకు కట్టడి చేయడంతో ఖర్చు దిగివచ్చింది కానీ, చవక కావడం అవసరం కావడం కాదు. ఎడమ ప్రధాన రక్తనాళంలో పూడిక ఉన్నవారు ఈ లెక్కలోకి రారు. మధుమేహంతో పాటు పలు నాళాలు పూడినవారికి స్టెంటు కంటే బైపాసే మేలని 2012లోనే తేలింది.

స్టెంటు పడినవారు, బైపాస్ అయినవారు సప్లిమెంట్లు వాడాలనుకుంటే ఒక జాగ్రత్త తప్పనిసరి. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్, వార్ఫరిన్ వంటి రక్తం పలుచన చేసే మందులతో పాటు వెల్లుల్లి మాత్రలు, ఎక్కువ మోతాదు చేపనూనె, పసుపు సారం తీసుకుంటే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. డబ్బాలు, పొడుల పొట్లాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని చీటీతో పాటు వైద్యుడి ముందు పెట్టాలి. పన్ను పీకించుకోవాలన్నా, కంటి ఆపరేషన్ అన్నా ఆ సంచి వెంట ఉండవలసిందే.