190 పారాచూట్ కానోపీతో మూడేళ్లు: 312 జంపులు, ఒక కటవే

స్కైడైవింగ్ లైసెన్స్ చేతికొచ్చిన నెలకే సెకండ్ హ్యాండ్‌లో కొన్న రిగ్ ఇది, అంటే రెండు పారాచూట్లున్న వీపు సంచి: మెయిన్ ఒకటి, అది మొరాయిస్తే వాడే రిజర్వ్ ఒకటి. మెయిన్ కానోపీ (పారాచూట్ గుడ్డ) తొమ్మిది సెల్లది, అంటే తొమ్మిది గాలి గదులది, 190 చదరపు అడుగులు. నేనూ రిగ్గూ బట్టలూ కలిపి 180 పౌండ్లు తూగుతాం కాబట్టి వింగ్ లోడింగ్, అంటే చదరపు అడుగుకు పడే పౌండ్లు, 0.95 దాకా వస్తుంది. కొత్తవాళ్లు 1 దాటకపోతే మంచిదని అందరూ చెప్పే లెక్కలోనే ఉన్నాను. కంపెనీ పేరు రాయట్లేదు. ఈ మూడేళ్ల తలనొప్పుల్లో దాని వాటా తక్కువ, నా వాటా ఎక్కువ.

ఎగరడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తిన్నగా పోతుంది, టాగిల్ (కానోపీని తిప్పే పిడి) లాగితే కంగారు పెట్టదు, ఫ్లేర్ (దిగేముందు రెండు టాగిల్స్ లాగి వేగం తగ్గించడం) కాస్త అటూ ఇటూ అయినా కాళ్ల మీదే దింపుతుంది. నాకు అన్ని పాఠాలూ తెరుచుకునే ఆ కొద్ది సెకన్లలోనే దొరికాయి.

మొదటి 30 జంపుల్లో నాలుగుసార్లు లైన్ ట్విస్టులు, అంటే కానోపీ తాళ్లు మెలిపడటం. రైజర్లు (భుజాల నుంచి తాళ్లకు వెళ్లే పట్టీలు) మెడ వెనక జడలా పెనవేసుకుంటే తల ఎత్తడమే కష్టం. రెండు చేతులతో వాటిని విడదీస్తూ కాళ్లతో తన్నుకుంటే మెల్లగా విప్పుకునేవి. ఈ సైజు కానోపీ ట్విస్టుల్లోనూ నిలకడగా ఉంటుంది కాబట్టి సరిపోయింది. చిన్నది, ఎక్కువ లోడింగ్ ఉన్నది అయితే అంత తీరిక ఇవ్వదు, గిర్రున తిరుగుతుంది. ప్యాకింగ్ తప్పనుకుని రబ్బర్ బ్యాండ్లన్నీ మార్చాను, లైన్ మడతలు కొలిచినట్టు సమానంగా పెట్టాను. అయినా తగ్గలేదు. చివరికి తోటి జంపర్ హెల్మెట్ కెమెరాలో దొంగ దొరికాడు. కుడిచేత్తో పైలట్ చ్యూట్ (మెయిన్‌ను బయటికి లాగే చిన్న గొడుగు) విసిరేటప్పుడు నా ఎడమచెయ్యి తల ముందుకు రావట్లేదు, ఒక భుజం వాలిపోతోంది. అది సరిచేసుకున్నాక ట్విస్టులు అరుదైపోయాయి.

90వ జంప్ దాటాక ఇంకో రకం. పైలట్ చ్యూట్ విసిరాక ఒక క్షణం, రెండు క్షణాలు ఏమీ జరగదు. తర్వాత తెరుచుకుంటుంది. తెరుచుకుందిగా అని మూడు జంపులు ఊరుకున్నాను, అది నా బుద్ధిలేనితనం. రిగ్గర్ (పారాచూట్లు బాగుచేసేవాడు) పైలట్ చ్యూట్‌ను పట్టి సాగదీసి చూపించాడు. బ్రైడిల్ (పైలట్ చ్యూట్‌ను మెయిన్‌కు కలిపే పట్టీ) లోపల నడిచే కిల్ లైన్ (మెయిన్ తెరుచుకున్నాక ఆ గొడుగును ముడిచే తాడు) వాడకంలో కురచై, గొడుగు నడినెత్తి లోపలికి గుంజుకుపోయి ఉంది. దానికి గాలి నిండా పట్టదు. తాడు మార్చడం చిన్న పనే.

ఇక 143వ జంప్. 3,500 అడుగుల దగ్గర విసిరాను. కానోపీ నలుచదరంగానే వచ్చింది, స్లైడర్ (తాళ్ల వెంట జారుతూ తెరుచుకోవడాన్ని నెమ్మదింపజేసే గుడ్డ ముక్క) దిగింది, కానీ ఎడమవైపుకు మెల్లగా తిరుగుతోంది. పైకి చూస్తే ఎడమ పక్క లైన్లలో నాలుగైదు ఒకచోట గుత్తిగా బిగుసుకుని ఉన్నాయి. టెన్షన్ నాట్, అంటే లాగుడుకు బిగిసిన ముడి. బ్రేకులు విప్పి రెండు టాగిల్స్ గట్టిగా పంప్ చేశాను. కదల్లేదు. మళ్లీ చేశాను. కుడి టాగిల్‌ను ఛాతీ దాకా పట్టుకుంటే తిన్నగా పోతోంది. అదే నన్ను మోసం చేసింది. ‘పోతోందిగా, దింపేయొచ్చేమో’ అనిపించింది. ఫ్లేర్ పరీక్షించి చూస్తే ఎడమవైపు ఒక్కసారిగా కుంగింది. ఆల్టిమీటర్‌లో 2,400. నా లైసెన్స్ స్థాయికి అమెరికా పారాచూట్ సంఘం యూఎస్‌పీఏ పెట్టిన నిర్ణయపు ఎత్తు, అంటే మెయిన్‌ను వదిలేయాలో లేదో తేల్చుకోవాల్సిన ఎత్తు, 2,500. నేల మీద వంద సార్లు వల్లించిన అంకె, పైన ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు. ఇంకోసారి పంప్ చేశాను!

2,100 దగ్గర కటవే చేసే, అంటే మెయిన్‌ను వదిలించే ఎర్ర హ్యాండిల్ వైపు చూశాను. రెండు చేతులతో పట్టుకుని పీకాను. మెయిన్‌ను పట్టి ఉంచే మూడు రింగులు విడిపోయి కడుపులో ఒక్కసారి ఖాళీ. రిజర్వ్ తెరిచే వెండి హ్యాండిల్ మీదికి చెయ్యి వెళ్తుండగానే ఆర్ఎస్ఎల్ (మెయిన్ విడిపోగానే రిజర్వ్‌ను తెరిచే పట్టీ) తన పని తాను చేసేసింది, రిజర్వ్ టప్పున తెరుచుకుంది. అయినా ఆ హ్యాండిల్ కూడా లాగాను, నేర్పింది అలాగే.

దిగాక ఇన్‌స్ట్రక్టర్ ముడి గురించి అడగలేదు. “ఏ ఎత్తులో కట్ చేశావు?” అన్నాడు. చెప్పాను. “ఆ 400 అడుగులు ఎవరికిచ్చావు?” అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, భయంతో కాదు, సిగ్గుతో.

మెయిన్ దొరికేసరికి ముడి లేదు, బరువు తీసేస్తే అది విడిపోతుందట. కానీ ఎడమ బ్రేక్ లైన్ (టాగిల్‌కు కట్టిన తాడు) మెలికలు తిరిగి స్ప్రింగులా ఉంది. ప్రతి ల్యాండింగ్ తర్వాత కానోపీని ఎత్తుకుని వచ్చే తొందరలో టాగిల్‌ను తిప్పి తిప్పి పెట్టింది నేనే. ఇప్పుడు ప్యాక్ చేసే ముందు రెండు బ్రేక్ లైన్లనూ పైదాకా వేళ్లతో జారవిడుస్తాను. రెండు నిమిషాల పని.

‘ఏఏడీ ఉందిగా’ (రిజర్వ్‌ను దానంతటదే తెరిచే పరికరం) అనేవాళ్లకు ఒక మాట. నా రిగ్గులో ఉన్నది సైప్రెస్, ఎక్స్‌పర్ట్ రకం. సుమారు 750 అడుగుల ఎత్తులో, సెకనుకు 35 మీటర్ల వేగంతో పడిపోతుంటేనే రిజర్వ్ తెరుస్తుంది. నాలా సగం పనిచేసే కానోపీ కింద నెమ్మదిగా దిగేవాడిని అది పట్టించుకోదు.

250 జంపులకు ఓపెనింగులు మళ్లీ పక్కలకు తిరగసాగాయి. ఈసారి తప్పు నాది కాదు. స్లైడర్ రాపిడి వేడికి స్పెక్ట్రా (ఒక రకం ప్లాస్టిక్ నూలు) లైన్లు కురచబారతాయి. అంచుల్లోవి, ముఖ్యంగా బ్రేక్ లైన్లు ఎక్కువగా. రిగ్గర్ కొలిచి లైన్ సెట్ మొత్తం మార్చాడు. కొత్త కానోపీ కొన్నట్టు మెత్తగా తెరుచుకుంటోంది.

170 చదరపు అడుగుల కానోపీకి దిగమని స్నేహితులు పోరుతున్నారు. ఇంకా దిగలేదు. లాగ్‌బుక్‌లో ప్రతి ఓపెనింగ్ ఎటు తిరిగిందో, టాగిల్స్ పట్టుకునేసరికి ఎంత ఎత్తుందో రాస్తున్నాను. కిందటి 20లో 14 తిన్నగా వచ్చాయి. మిగతా ఆరూ కుడివైపే ఎందుకు తిరిగాయో ఇంకా పట్టుకోవాలి.