కట్టమంచి కావ్యమూ విమర్శా ఒకే సంపుటంలో

కట్టమంచి రామలింగారెడ్డి రాసిన ‘ముసలమ్మ మరణము’ కావ్యాన్నీ, ‘కవిత్వ తత్త్వ విచారము’ అనే విమర్శ గ్రంథాన్నీ కలిపి, ముందు ఆయన జీవిత రేఖలు చేర్చి వేసిన పునర్ముద్రణను గత నెలలో తెప్పించుకొని రెండుసార్లు చదివాను. ఈ రెండు రచనలనూ పక్కపక్కన చేర్చడమే సంపాదకులు చేసిన గొప్ప మేలు.

ఇరవయ్యేళ్లు నిండకముందే, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతున్న రోజుల్లో ఆయన ఈ కావ్యం రాసి బహుమతి పొందారు. ఇందులో నాయిక రాజకుమారి కాదు; అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రంలో బసిరెడ్డి ఇంటి కోడలు ముసలమ్మ. గండి పడబోతున్న చెరువు కట్ట నిలవాలంటే ఆమె బలి కావాలని దైవవాణి పలికినప్పుడు, ఊరి కోసం తానే నీళ్లలోకి నడిచి వెళ్లిన ఆ ఇల్లాలిని కావ్యానికి కేంద్రం చేయడం ఆనాటికి ఎంత కొత్తదో, 1914లో వెలువడిన విమర్శ గ్రంథం చదివాకే నాకు పూర్తిగా తెలిసింది. పింగళి సూరన ప్రబంధాలను ముందు పెట్టుకొని, కవిత్వానికి ప్రాణం భావనాశక్తే తప్ప అలంకారాల పోగు కాదని వాదించిన ఆ పుస్తకం మూసి మళ్లీ ముసలమ్మ దగ్గరికి వస్తే, విమర్శకుడు తర్వాత అడిగిన ప్రశ్నలకు కవి ముందే జవాబు వెతికాడని అనిపిస్తుంది. ఆయన తీర్పులన్నీ నేను ఒప్పుకోను. ప్రబంధ కవుల శృంగారం పట్ల ఆయన మరీ కఠినంగా ఉన్నారు. అయినా ఆ వాదనలోని సూటిదనం నేటికీ చదివిస్తుంది.

జీవిత రేఖలే నిరాశపరిచాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి పదవి, ప్రభుత్వ అణచివేతకు నిరసనగా 1930లో చేసిన రాజీనామా, 1936లో తిరిగి రావడం వివరంగానే ఉన్నాయి గానీ, కేంబ్రిడ్జి చదువు ఆయన విమర్శ దృష్టిని ఎలా మలిచిందో రెండు వాక్యాలతో సరిపెట్టారు.

కుట్టు బైండింగు గట్టిగా ఉంది, కాగితం కంటికి హాయిగా ఉంది. పద్యాల కూర్పులో మాత్రం శ్రద్ధ చాలలేదు. అరసున్నలు ఒకచోట ఉండి మరోచోట రాలిపోయాయి. ముసలమ్మ సెలవు తీసుకొనే ఘట్టంలో ఒక పద్యం నాలుగో పాదం పేజీ తిప్పితేగానీ దొరకదు. గొంతెత్తి చదువుతున్న నాకు సరిగ్గా అక్కడే ధార తెగింది. తర్వాతి ముద్రణలో కనీసం ఆ పేజీనైనా సరిచేయాలని ప్రచురణకర్తలకు ఉత్తరం రాశాను.